పలకల ఎయిర్ ప్యూరిఫయర్: ఈఎస్‌పీ దగ్గర పనిచేసినవాడి సమీక్ష

మా అబ్బాయి విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక దుకాణంలో కొని తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ ఎయిర్ ప్యూరిఫయర్ గురించి రాస్తున్నాను. చివరిదాకా చదివే తీరిక అందరికీ ఉండదు కాబట్టి తీర్పు ముందే చెబుతాను. యంత్రం దుమ్మును పడుతుంది, సందేహం లేదు. అయితే దుమ్మును అంటించుకునే లోపలి లోహపు పలకలు శుభ్రంగా ఉన్నంతకాలమే పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు పడుకునే గదిలో మాత్రం దీన్ని పెట్టకండి. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బందులు చాలావరకు ఈ పద్ధతికే సంబంధించినవి, ఏ కంపెనీ యంత్రం కొన్నా వాటిని చూసుకోవలసిందే.

ఈ విషయం మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో నా ఉద్యోగంలో పెద్ద భాగం ఈఎస్‌పీ మెయింటెనెన్స్‌లోనే గడిచింది. ఈఎస్‌పీ అంటే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. బాయిలర్‌లో బొగ్గు మండాక వెళ్లే పొగలో పిండిలాంటి బూడిద ఉంటుంది. అది చిమ్నీకి చేరకముందే పట్టుకుని కింద హాపర్లలో, అంటే గరాటులాంటి తొట్లలో, పోసేది ఈఎస్‌పీ. సన్నటి తీగలకు యాభై, అరవై వేల వోల్టులు ఇస్తాం. తీగ చుట్టూ ఉన్న గాలి విద్యుదావేశం పొందుతుంది, దాన్నే కరోనా అంటాం. ఆ ఆవేశం బూడిద రేణువులకు అంటుకుంటుంది. అలా ఆవేశం ఎక్కిన రేణువులను ఎదురుగా ఉన్న ఉక్కు పలకలు లాగేసుకుంటాయి. సరిగా నడిచే ఈఎస్‌పీ నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా బూడిదను ఆపుతుంది. ఆ బూడిదే తరవాత ఇటుకల తయారీకి, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతుంది.

ఇది కొత్త విద్య కాదు. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ 1908లోనే దీనికి పేటెంటు పొందాడు. గదుల్లోని గాలికి పనికొచ్చేలా 1930లలో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో గేలార్డ్ పెన్నీ దాన్ని మార్చాడు. ముందు తీగల వరుస, దాని వెనక దగ్గరదగ్గరగా పలకలు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పలకల ప్యూరిఫయర్లన్నీ ఆ వంశానివే. ఒక ముఖ్యమైన తేడా ఉంది. ప్లాంటులో తీగలకు రుణ వోల్టేజి ఇస్తాం, ఎందుకంటే స్పార్కు రాకుండా ఎక్కువ వోల్టేజి దాకా వెళ్లవచ్చు. రుణ కరోనా వల్ల ఓజోన్ ఎక్కువ పుడుతుంది, కానీ ప్లాంటులో అది చిమ్నీలోకి పోతుంది కాబట్టి పట్టించుకోం. ఇంట్లో వాడే యంత్రాల్లో సాధారణంగా ధన వోల్టేజి ఇస్తారు, ఓజోన్ తగ్గడానికే. తగ్గడానికి అన్నాను, పూర్తిగా పోవడానికి అనలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మా ఇల్లు భవానీపురంలో, హైదరాబాద్ రోడ్డుకు దగ్గర. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకు వచ్చిపోయే లారీల మోత తెల్లవారుజాము నుంచే మొదలవుతుంది. కిటికీ పట్టీ మీద పొద్దున తుడిచిన చోటే సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. చలికాలంలో కృష్ణ మీది మంచు, వాహనాల పొగ కలిసి కిందనే నిలిచిపోతాయి. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. మన దేశపు ప్రమాణం ప్రకారం పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి రేణువుల సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో చూస్తే ఇంట్లో ప్యూరిఫయర్ పెట్టుకోవాలన్న ఆలోచన విలాసమేమీ కాదని తెలుస్తుంది.

మా మనవరాలికి చలికాలం వస్తే పిల్లికూతలు. కోడలు రాత్రిళ్లు దాని వీపు నిమురుతూ కూర్చునేది. అందుకే అబ్బాయి ఈ యంత్రం తెచ్చాడు. దుకాణంలో అతనికి నచ్చిన మాట ఒక్కటే, ఫిల్టర్ మార్చే ఖర్చు లేదు, పలకలు కడుక్కుంటే చాలు. ఆ మాట నిజమే. సన్నటి దుమ్మును గుడ్డలాంటి దట్టమైన పొరలో ఆపే హెపా ఫిల్టర్లయితే వాడకాన్ని బట్టి ఏడాదికో, ఇంకా ముందో మార్చాలి, ప్రతిసారీ వేలల్లో ఖర్చు. పైగా హెపా గుడ్డలో నుంచి గాలిని నెట్టడానికి ఫ్యాను గట్టిగా కష్టపడాలి. పలకల మధ్య గాలికి అడ్డేమీ లేదు కాబట్టి మా యంత్రం చప్పుడు చాలా తక్కువ. ఈ రెండూ దీని అసలైన సుగుణాలు.

ఎంత పనిచేస్తుందో చూడటానికి రేణువులను లేజరుతో లెక్కగట్టే చిన్న మీటరు తెప్పించాను. మూసిన గదిలో అగరుబత్తి వెలిగించి, సంఖ్య మూడంకెలకు చేరాక ఆర్పి, యంత్రం నడిపి చూశాను. అరగంట గడిచేసరికి రెండంకెల్లోకి దిగింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పొగ తనంతట తానే గోడలకు, పరుపులకు అంటుకుని కొంత తగ్గుతుంది, తలుపు సందుల్లోంచి కొంత పోతుంది. అందుకని అదే గదిలో అదే అగరుబత్తితో యంత్రం ఆపేసి కూడా చూడాలి. చూశాను. యంత్రం లేకుండా ఆ తగ్గుదలకు చాలా ఎక్కువసేపు పట్టింది. దుకాణాల్లో గాజుపెట్టెలో పొగ నింపి నిమిషంలో మాయం చేసి చూపించే ప్రదర్శనను నమ్మి కొనకండి. అంత చిన్న పెట్టెలో ఏ యంత్రమైనా గెలుస్తుంది.

మన గది ఎంత, యంత్రం గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుంది అన్నదే అడగవలసిన ప్రశ్న. 12 అడుగులకు 14 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు ఉంటే 1680 ఘనపు అడుగులు, అంటే సుమారు 48 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు ఆ గాలంతా శుభ్రపడాలంటే గంటకు 240 ఘనపు మీటర్ల శక్తి కావాలి. ఈ అంకెను పెట్టె మీద సీఏడీఆర్ అని వేస్తారు. పలకల ప్యూరిఫయర్లలో ఈ అంకె లేకుండా ‘99 శాతం’ అని మాత్రమే రాసినవి కనిపిస్తాయి. ఏ వేగంలో 99 శాతమో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. మేం ప్లాంటులో రోజూ వాడిన డాయిచ్ సూత్రం చెప్పేది అదే. పలకల వైశాల్యం మారకుండా గాలి వేగం పెంచితే పట్టు తగ్గుతుంది. ఒక వేగంలో 90 శాతం పట్టే పలకలు, గాలి రెట్టింపైతే దాదాపు 68 శాతమే పడతాయి. గాలి రెట్టింపు వెళ్లింది కాబట్టి మొత్తమ్మీద శుభ్రమయ్యే గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది, రెట్టింపు కాదు. ప్లాంటులో పలకలు మూడంతస్తుల ఇంటంత ఎత్తుంటాయి, పొగ వాటి మధ్య మెల్లగా నడుస్తుంది, పలకలు ఫీల్డులనే వరస విభాగాలుగా ఉంటాయి, ఒక ఫీల్డు వదిలింది తరవాతి ఫీల్డు పడుతుంది. ఇంటి యంత్రంలో పలక జానెడుంటే గొప్ప. గాలి అందులో ఉండేది క్షణకాలం.

వంటింటి విషయంలో ఆశ పెట్టుకోవద్దు. ఎండుమిర్చి తిరగమోత వేసినప్పుడు లేచే నూనె పొగను యంత్రం పట్టింది, మీటరులో సంఖ్య దిగింది, కానీ ఘాటు, వాసన ఎక్కువసేపే నిలిచాయి. వాయువులను, వాసనలను ఈ పలకలు పట్టలేవు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా తగినంత బరువుండాలి. పైగా నూనె పొగ పలకల మీద జిగురుగా పేరుకుని కడగడం కష్టమవుతుంది. వంటింటికి బయటకు లాగే ఎగ్జాస్ట్ ఫ్యానే సరైన మందు.

ఇప్పుడు కడగడం గురించి. ఈ యంత్రం మంచిచెడ్డలు సగం ఇక్కడే ఉన్నాయి. పలక మీద దుమ్ము పొర మందమయ్యేకొద్దీ దాని లాగుడు తగ్గుతుంది, ఒకసారి అతుక్కున్న దుమ్ము మళ్లీ గాలిలో కలుస్తుంది, పొర ఎక్కువైన చోట స్పార్కులు మొదలవుతాయి. అందుకే ప్లాంటులో పలకలను సుత్తులు కొడుతూనే ఉంటాయి. ర్యాపింగ్ అంటాం. పలక కదిలి బూడిద హాపర్లో రాలుతుంది. సుత్తుల షాఫ్టు విరిగిందంటే పండగని లేదు, అర్ధరాత్రని లేదు, ఫీల్డు ఆపి మనుషులం లోపలికి దిగేవాళ్లం. ఇంటి యంత్రానికి సుత్తులు లేవు, హాపర్ లేదు. ఆ పని ఇంట్లోవాళ్లు చేయాలి.

మాలాంటి రోడ్డు పక్క ఇంటికి పది, పదిహేను రోజులకోసారి కడగడం తప్పదు. పెట్టెలోని కాగితంలో ఇంకా ఎక్కువ గడువు రాసి ఉంది, దాన్ని పాటిస్తే పట్టు ఎంత పడిపోతుందో మా మీటరే చెప్పింది. అదే అగరుబత్తి పరీక్ష మురికి పలకలతో చేస్తే పొగ తగ్గడానికి రెట్టింపుకు పైగా సమయం పట్టింది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కొంచెం వేసి పలకల చట్రాన్ని నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడగాలి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు మిగులుతుంది, అదీ స్పార్కుకు కారణమవుతుంది. ముందున్న సన్నటి తీగల జోలికి బ్రష్షు పోనివ్వకండి, తెగుతాయి. వాటిని పొడిగుడ్డతో వేళ్ల మధ్య పట్టి తుడవాలి. తీగ మీద తెల్లటి బూజులాంటి పూత కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. తలకు రాసుకునే సీరమ్‌లు, కొన్ని స్ప్రేలలో ఉండే సిలికోన్ ఆవిరి కరోనా దగ్గర మారి అలా పేరుకుంటుంది.

కడిగాక ఆరబెట్టడం. ఎండాకాలం బెజవాడ ఎండలో గంట చాలు. శ్రావణ భాద్రపదాల్లో రోజంతా ఆరబెట్టినా పలకల మూలల్లో తడి ఉంటుంది. తడితో పెట్టి స్విచ్ వేస్తే చిటపటలాడుతుంది. ఆ శబ్దం వింటే వెంటనే ఆపండి. అది దుమ్ము కాలుతున్న శబ్దం కాదు, ఆరు, ఏడు వేల వోల్టులు అడ్డదారిన పలకకు దూకుతున్న శబ్దం. ఆ సమయంలో ఓజోన్ కూడా ఎక్కువ వస్తుంది.

ఓజోన్ విషయానికి వస్తాను. గాలిలోని ఆక్సిజన్ అణువు కరోనాలో విడిపోయి, అలా వచ్చిన పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిసి మూడు పరమాణువుల ఓజోన్ అవుతుంది. పైన ఆకాశంలో అది మనల్ని కాపాడుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళితే వాటి లోపలి పొరను రేపుతుంది. దగ్గు, ఛాతీ బిగుతు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెరగడం, ఇవన్నీ తెలిసిన ఫలితాలే. మన దేశపు గాలి ప్రమాణంలో ఓజోన్ హద్దు 8 గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే సుమారు 50 పీపీబీ (వంద కోట్ల పాళ్ల గాలిలో 50 పాళ్లు). అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంట్లో వాడే ప్యూరిఫయర్ల నుంచి వచ్చే ఓజోన్ 50 పీపీబీ దాటకూడదని చట్టం చేసింది, 2010 నుంచి అమలు చేస్తోంది. యూఎల్ 867 అనే భద్రతా ప్రమాణంలోనూ అంతే హద్దు. యూఎల్ 2998 అనే మరో ప్రమాణం ఇంకా కఠినం, 5 పీపీబీ లోపు ఉండాలి. అబ్బాయి తెచ్చిన యంత్రం పెట్టె మీద ఈ రెండింటిలో ఏదీ లేదు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. దీనికి ‘నిద్ర’ మీట ఉంది. నొక్కితే ఫ్యాను నెమ్మదిస్తుంది, గది ప్రశాంతంగా ఉంటుంది. కానీ తీగల మీది వోల్టేజి తగ్గదు. అంటే గదిలో శుభ్రమయ్యే గాలి తగ్గింది, పుట్టే ఓజోన్ తగ్గలేదు. దానికి తోడు మన పడకగదుల్లో స్ప్లిట్ ఏసీలు. అవి గదిలోని గాలినే తిప్పుతాయి, బయటి గాలిని తేవు. తలుపులు బిగించిన ఆ గదిలో రాత్రంతా పసిపిల్ల పడుకుంటుంది. తెల్లవారి గదిలోకి అడుగుపెడితే జెరాక్స్ దుకాణంలో వచ్చే వాసనే నాకు తగిలింది. ఈఎస్‌పీ దగ్గర, స్విచ్‌యార్డులో తిరిగినవాణ్ని, ఆ వాసన మరచిపోను. లోపల పడుకున్న అబ్బాయికీ కోడలికీ ఏమీ తెలియలేదు. ఓజోన్ వాసనకు ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది, అందుకే వాసన లేదని నిశ్చింతగా ఉండకూడదు.

ఓజోన్ మీటరు ఖరీదైనది. నేను రబ్బరు బ్యాండ్లతో చూశాను. సహజ రబ్బరును సాగదీసి ఉంచితే ఓజోన్ తగిలినచోట అడ్డంగా పగుళ్లు వస్తాయి. ఒకే పొట్లంలోని బ్యాండ్లను ఒకే సాగుతో రెండు చెక్కలకు చుట్టి, ఒకటి యంత్రం గాలి వచ్చే వైపు, రెండోది ఎండ తగలని పక్కగదిలో పెట్టాను. యంత్రం దగ్గరవి కొన్ని వారాల్లోనే నెరియలు విచ్చాయి, పక్కగదివి బాగున్నాయి. ఇది పీపీబీల లెక్క చెప్పదు. ఏదో ఒక మోతాదులో ఓజోన్ వస్తోందని మాత్రం గట్టిగా చెబుతుంది.

ఇంకొకటి. నేల తుడిచే నిమ్మవాసన ద్రవాలు, రూమ్ ఫ్రెషనర్లలో లిమొనీన్ వంటి పదార్థాలుంటాయి. ఓజోన్ వాటితో కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతి సన్నటి కొత్త రేణువులు పుడతాయి. దుమ్ము పట్టడానికి పెట్టిన యంత్రమే కొత్త రేణువులను పుట్టిస్తుందన్నమాట. ఇల్లు తుడిచిన వెంటనే దీన్ని నడపవద్దని మా ఆవిడకు ప్రత్యేకంగా చెప్పాను.

మనవరాలికి ఆ రోజుల్లో రాత్రి దగ్గు పెరిగింది. దానికి యంత్రమే కారణమని నేను నిరూపించలేను, చలికాలం, జలుబు కూడా ఉన్నాయి. కానీ ఊపిరితిత్తులను రేపే వాయువని తెలిసి పిల్లికూతలున్న పిల్ల తలాపున ఉంచడానికి నా మనసు ఒప్పుకోలేదు. పిల్లల డాక్టరుగారు కూడా పడకగదిలోంచి తీసేయమనే చెప్పారు. ఇన్‌హేలర్ మానవద్దని, ఏ ప్యూరిఫయరూ దానికి బదులు కాదని గట్టిగా చెప్పారు.

పలకలే లేకుండా ‘అయొనైజర్’ పేరుతో అమ్మేవి దీనికంటే హీనం. వాటిలో సూదిమొనల నుంచి ఆవేశం గదిలోకి వదులుతారు, దుమ్ము మన గోడలకే, కర్టెన్లకే అంటుకుంటుంది. గోడ మీద నల్లటి మరక వచ్చిందంటే అది యంత్రం గొప్పతనం కాదు, పట్టవలసిన పలక లేకపోవడం. ఓజోన్‌నే కావాలని పుట్టించే యంత్రాలను ‘క్రిములను చంపుతుంది’ అని ఇళ్లకు అమ్ముతారు, వాటిని ఇంట్లో అడుగుపెట్టనివ్వకండి. అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే కంపెనీ అయోనిక్ బ్రీజ్ పేరుతో ఫ్యాను లేని పలకల ప్యూరిఫయర్‌ను విపరీతంగా అమ్మింది. అది గాలిని సరిగా శుభ్రం చేయడం లేదని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రాస్తే, కంపెనీ ఆ పత్రికవాళ్ల మీద 2003లో దావా వేసింది. 2004లో కోర్టు ఆ దావాను కొట్టేసింది, కంపెనీయే ఎదుటివారి న్యాయవాదుల ఖర్చుల కింద 5,25,000 డాలర్లు కట్టవలసి వచ్చింది. 2005లో అదే పత్రిక ఓజోన్ గురించి హెచ్చరించింది. 2008లో కంపెనీ దివాలా తీసింది. ఇంత జరిగాక కూడా ఇవే మాటలతో మన ఊళ్లో సరుకు అమ్ముతున్నారంటే నాకు బాధగా ఉంది.

కరెంటు భద్రత విషయంలో మా యంత్రానికి మంచి మార్కులే వేస్తాను. తలుపు తీయగానే సరఫరా ఆగిపోయే స్విచ్ ఉంది, గట్టిగానే ఉంది. అయినా ప్లగ్గు తీసి, పలకల్లో నిలిచిన ఆవేశం పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగాకే చేయి పెట్టండి. ప్లాంటులో అయితే తాళంచెవి పద్ధతి ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ ఆపి, ఎర్త్ చేస్తేగానీ ఈఎస్‌పీ తలుపు తాళంచెవి చేతికి రాదు. ఆ అలవాటు వల్లనేమో, తలుపు స్విచ్చును టేపుతో నొక్కిపెట్టి నడిపే మెకానిక్కులను చూస్తే నాకు వణుకు పుడుతుంది.

ఇప్పుడు పిల్ల గదిలో హెపా ప్యూరిఫయర్ ఉంది. అయొనైజర్ లేనిదే ఏరి తెచ్చాం. కొన్ని హెపా యంత్రాల్లోనూ అయొనైజర్ దాగి ఉంటుంది, విడిగా ఆపే మీట ఉందో లేదో చూడాలి. 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం ఆపేదే హెపా, ‘హెపా తరహా’ అని రాసినది కాదు. దాని ఫ్యాను చప్పుడు కొంచెం ఎక్కువ, ఫిల్టర్ ఖర్చు తప్పదు. పలకల యంత్రం కింది హాల్లో, రోడ్డు వైపు ఉంది. వెనక కిటికీ తెరిచి, ఫ్యాను పెద్ద వేగంలో, పగటిపూట మాత్రమే నడుపుతున్నాం. అక్కడ అది రోడ్డు దుమ్మును చక్కగా పడుతోంది, కడిగినప్పుడు బకెట్టులో నీళ్లు నల్లగా మారడం చూస్తే పడిన శ్రమకు తగ్గ మేలు కనిపిస్తుంది. పెద్ద హాలు, దగ్గు ఆయాసం లేని మనుషులు, క్రమం తప్పక కడిగే ఓపిక ఉన్న ఇల్లు అయితే ఓజోన్ ధ్రువపత్రం ఉన్న పలకల యంత్రం కొనుక్కోవచ్చు.

దుకాణం వాళ్లు మర్యాదస్తులే. వెనక్కి తీసుకోలేదు గానీ, ఓజోన్ పరీక్ష పత్రం కంపెనీ నుంచి తెప్పిస్తామన్నారు. ఇప్పటిదాకా రాలేదు. తెగిన తీగకు విడిభాగం అడిగితే మాత్రం వారంలో తెప్పించారు. మీరు వెళితే డబ్బు కట్టకముందే ఆ పత్రం, సీఏడీఆర్ అంకె, తీగలు పలకలు విడిగా దొరుకుతాయన్న హామీ అడగండి. చూపించలేకపోతే పక్క దుకాణానికి నడవండి, ఏలూరు రోడ్డులో దుకాణాలకు కొదవ లేదు.